ఎవరూ కొట్టకుండానే దెబ్బ తిన్న లిజార్డ్

2021 నవంబర్‌లో ‘స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్’ రెండో ట్రైలర్ వచ్చింది. చివర్లో ఒక షాట్ ఉంది. రాత్రి వేళ, స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ చుట్టూ కట్టిన పరంజా దగ్గర టామ్ హాలండ్ గాల్లోకి దూకుతాడు. ఎదురుగా ఎలక్ట్రో, శాండ్‌మ్యాన్, లిజార్డ్. ముగ్గురు విలన్ల మీదికి ఒక్కడే హీరో. మన సినిమా అయితే ఎవరికీ అనుమానం రాదు, ముప్పై మంది మీదికైనా మనవాడు ఒక్కడే వెళ్తాడు. కానీ బ్రెజిల్‌లో విడుదల చేసిన ట్రైలర్‌లో అదే షాట్ రవ్వంత ఎక్కువసేపు నడిచింది. ఆ రవ్వంతలోనే లిజార్డ్ తల, ఎవరో చాచి కొట్టినట్టు, విసురుగా పక్కకి తిరిగింది. తీరా చూస్తే అక్కడ ఎవరూ లేరు.

కొట్టినవాణ్ణి కంప్యూటర్‌లో చెరిపేశారు, దెబ్బను చెరపడం మరిచారు. అభిమానులకు ఇంకేం కావాలి? ఆ ముక్కను ఆపి ఆపి చూసి, మాయమైనవాడు ఎవడో కూడా తేల్చేశారు. అక్కడ ఇంకో స్పైడర్‌మ్యాన్ ఉన్నాడు. లేదా ఇద్దరు.

ఆ పాత్రను సినిమాల్లో అప్పటికి ముగ్గురు చేశారు. 2002 నుంచి 2007 దాకా శామ్ రైమీ తీసిన మూడింటిలో టోబీ మాగ్వైర్, 2012, 2014ల్లో వచ్చిన రెండింటిలో ఆండ్రూ గార్ఫీల్డ్, 2016 నుంచి టామ్ హాలండ్. కొత్త కథలో డాక్టర్ స్ట్రేంజ్ మంత్రం వికటించి, వేరే విశ్వాల్లోని పాత విలన్లు ఈ విశ్వంలోకి ఊడిపడతారు. పాత విలన్లు వస్తే పాత హీరోలు రాకుండా ఉంటారా? ఏడాది పొడవునా అభిమానలోకం ఈ లెక్కే వేసింది. సెట్‌లో తీసినట్టున్న ఫొటోలు బయటికొచ్చాయి. అవి అసలువా, అతికించినవా అన్న దాని మీద మళ్లీ వాదోపవాదాలు.

సోనీ, మార్వెల్ సంస్థలు ఆ గుట్టును ఎలా కాపాడుకొచ్చాయన్నది మన నిర్మాతలు కాస్త శ్రద్ధగా చూడాల్సిన విషయం. అది మొత్తం దాగలేదు. పథకం ప్రకారమో, విధి లేకో, సగం వదిలేశారు. ఎలక్ట్రో వేషం వేసిన జేమీ ఫాక్స్ 2020లోనే సోషల్ మీడియాలో నోరు జారి, తర్వాత ఆ పోస్టు తీసేశాడు. డాక్ ఆక్ పాత్రధారి ఆల్ఫ్రెడ్ మోలినా 2021 ఏప్రిల్‌లో, తనను మాట్లాడొద్దన్నారని చెబుతూనే, ‘వెరైటీ’ పత్రికకు అంతా చెప్పేశాడు. ఆ ఆగస్టులో మొదటి టీజర్ ఒక రోజు ముందే లీకైంది. మన దగ్గరైతే వెంటనే సైబర్ క్రైమ్ మెట్లెక్కేవాళ్లం. అక్కడ మర్నాడు అసలు టీజర్ వదిలారు. 24 గంటల్లో 35 కోట్లకు పైగా వ్యూస్ వచ్చాయి, ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ ట్రైలర్ పేరిట ఉన్న 28.9 కోట్ల రికార్డు పోయింది. అంతకు ముందు రోజు మసక మసకగా ఫోన్లో చూసినవాళ్లు కూడా అందులో ఉండే ఉంటారు.

విలన్లు పోస్టర్ల మీదికి ఎక్కారు. ఆ ఇద్దరు హీరోలు మాత్రం పోస్టర్లో లేరు, ట్రైలర్లో లేరు, ఎవరి నోటా లేరు. గార్ఫీల్డ్ పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. అదే నెలల్లో అతని వేరే సినిమా ఒకటి విడుదలకు వచ్చింది. దాని ప్రచారానికి ఎక్కడికెళ్లినా మొదటి ప్రశ్న స్పైడర్‌మ్యానే. జిమ్మీ ఫాలన్ షోలో లీకైన వీడియో సంగతి అడిగితే, అది ఫొటోషాప్ చేసిందని మొహం మీద గీత చెదరకుండా చెప్పాడు. తన పాత హీరోయిన్ ఎమ్మా స్టోన్‌కు కూడా అబద్ధమే చెప్పానని సినిమా విడుదలయ్యాక ఒప్పుకున్నాడు. అతను ఈ అబద్ధాలను ఓ ఆటలా ఆస్వాదించాడు. ఇది ముఖ్యం. అభిమానులకు కూడా అతను అబద్ధమాడుతున్నాడని తెలుసు. తెలిసి అడిగారు, తెలిసి దాచాడు. ఇరువైపులా మోసపోయినవాడు లేడు. అంతకు ముందే ఫిబ్రవరిలో హాలండ్, జెండాయా, జేకబ్ బటలోన్ ముగ్గురూ తలో దొంగ టైటిల్ ప్రకటించి, మర్నాడు అసలు పేరు చెప్పారు. పుకారు రాజ్యమేలుతున్నప్పుడు దానితో కొట్లాడకుండా దానితోనే ఆడుకోవడం వాళ్లు అలవాటు చేసుకున్నారు.

సినిమా మన దేశంలో డిసెంబర్ 16న, అమెరికా కంటే ఒక రోజు ముందే విడుదలైంది. తెలుగు డబ్బింగ్ కూడా అదే రోజు. మర్నాడే ‘పుష్ప’. మామూలుగా తెలుగు సినిమా టాక్ అమెరికా ప్రీమియర్ల నుంచి రావాలి. డల్లాస్‌లో చూసొచ్చిన తమ్ముడు ఫోన్ చేసి ఇంటర్వెల్ ఎలా పడిందో చెబితే గానీ కూకట్‌పల్లిలో అన్నయ్య మనసు కుదుటపడదు. ఈసారి వ్యవహారం తిరగబడింది. కథ తెలిసినవాళ్లు కూకట్‌పల్లిలో, తెలియనివాళ్లు డల్లాస్‌లో. అన్నయ్య నోరు కట్టుకోవాల్సి వచ్చింది. ఇంటర్వెల్ సీన్లు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకునే అలవాటున్న మనకు అది చిన్న పరీక్షేం కాదు.

ఇక థియేటర్లో జరిగింది చెప్పాలి. పుకార్లన్నీ నిజమే. ఇద్దరూ వచ్చారు. హీరో స్నేహితుడు నెడ్ వాళ్ల అమ్మమ్మ ఇంట్లో, గాల్లో ఒక గుండ్రటి ద్వారం తెరుచుకుని, అందులోంచి గార్ఫీల్డ్ దూకాడు. హాలు హాలంతా అరిచింది. ఏడాదిగా ఫొటోలు చూసి, గొడవలు పడి, ఖాయం చేసుకున్న విషయానికే అంత అరుపు. పైగా ఆ అరుపు సద్దుమణిగాక అమ్మమ్మగారు చేసిన పని ఏ లీకులోనూ లేదు. సీలింగుకు వేలాడుతున్న అతణ్ణి, ఎలాగూ పైకెక్కావు కదా, ఆ మూల పట్టిన బూజు దులుపు అంది. అతను దులిపాడు.

దీనికంటే పెద్దది ఇంకొకటి. 2014 నాటి సినిమాలో గార్ఫీల్డ్ స్పైడర్‌మ్యాన్ తన ప్రేయసి గ్వెన్‌ను గడియారపు గోపురం నుంచి పడిపోతుంటే పట్టుకోలేకపోతాడు. దారం అందుతుంది, ప్రాణం అందదు. ఆ సిరీస్ అక్కడితో ఆగిపోయింది, ఆ గాయం అలాగే ఉండిపోయింది. ‘నో వే హోమ్’ చివర్లో ఇంకొకరి ప్రేయసి ఎమ్‌జే అదే విధంగా పడిపోతుంటే, ఆమెవాడు ఆమెను అందుకోలేకపోతే, దూకి పట్టుకున్నది గార్ఫీల్డ్. నేల మీద నిలబెట్టి, బాగున్నావా అని అడుగుతూ తనే కన్నీళ్లు పెట్టుకుంటాడు. ఏడేళ్ల కిందటి అప్పు తీరింది. ఎవరొస్తున్నారన్నది ఫొటో చెప్పగలిగింది. అతను ఎందుకు రావాలో ఆ ఫొటో చెప్పలేదు. స్క్రీన్‌ప్లే రాసిన క్రిస్ మెకెన్నా, ఎరిక్ సోమర్స్ ఆ ‘ఎందుకు’ మీద కూర్చుని పనిచేశారు కాబట్టే లీకులు ఆ సినిమాను ఏమీ చేయలేకపోయాయి. ప్రపంచవ్యాప్తంగా 190 కోట్ల డాలర్లకు పైగా వసూలైంది, అదీ కోవిడ్ ఇంకా పోని రోజుల్లో.

హాలీవుడ్ ఇందులోంచి నేర్చుకున్న పాఠం మాత్రం వేరేలా ఉంది. ఎవరొస్తారన్నదే జనాన్ని రప్పిస్తుందని అనుకున్నారు. ఐదు నెలలకే, 2022 మేలో, ‘డాక్టర్ స్ట్రేంజ్ ఇన్ ది మల్టీవర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ వచ్చింది. దాని చుట్టూ అల్లుకున్న ఊహల పట్టికకు అంతు లేదు. టామ్ క్రూజ్ ఐరన్‌మ్యాన్‌గా వస్తాడన్నారు. ఒకప్పుడు ఐరన్‌మ్యాన్ వేషానికి ఆయన పేరు వినబడిన మాట నిజమే, అందుకే పుకారుకు కాళ్లొచ్చాయి. రచయిత మైకెల్ వాల్డ్రన్ తర్వాత అదంతా కల్పన అని కొట్టిపారేశాడు. సినిమాలో క్రూజ్ లేడు. ఉన్నవాళ్లు తక్కువవాళ్లేం కాదు. ప్యాట్రిక్ స్టువార్ట్ ఉన్నాడు, అభిమానులు ఏళ్లుగా కోరుతున్న జాన్ క్రసిన్‌స్కీ మిస్టర్ ఫెంటాస్టిక్‌గా వచ్చాడు. వచ్చిన కాసేపటికే పోగుల్లా చీలిపోయి చచ్చాడు. చప్పట్లు కొట్టడానికి తప్ప అతను ఎందుకొచ్చాడో ఆ కథకే తెలియదు. హాల్లోంచి బయటికొచ్చినవాళ్లలో చాలామంది మాట్లాడుకున్నది రానివాళ్ల గురించే.

అంతకు ముందు ఏడాది ‘వాండావిజన్’ సిరీస్‌కు ఇంకా విచిత్రం జరిగింది. తొమ్మిది భాగాల కథ, ప్రియుడు విజన్‌ను పోగొట్టుకున్న ఆడది ఆ శోకాన్ని ఒప్పుకోలేక ఊరినే నాటకంగా మార్చేసిన కథ. అభిమానులు వారం వారం అందులో మెఫిస్టో అనే సైతానును వెతికారు. తెర మీద కనిపించిన ప్రతి ఈగా, ప్రతి కొమ్మూ వాడి గుర్తే. పాల్ బెటనీ, ఎప్పట్నుంచో కలిసి నటించాలనుకున్న ఒక గొప్ప నటుడితో ఇందులో చేశానని సరదాగా ఊరించాడు. ఎవరా అని ప్రపంచం తలబద్దలు కొట్టుకుంది. తీరా చూస్తే అది తనే. రెండు విజన్‌లు ఎదురెదురుగా నిలబడ్డారు, రెండు వేషాలూ బెటనీవే. మంచి జోకే, కానీ కొందరు నవ్వలేదు. సైతాను రాలేదని కోపగించుకున్నారు. ఎవరూ ఇవ్వని మాటకు, తప్పారని నింద. నాకు ఆ సిరీస్ మీద జాలేసింది. దుఃఖం గురించి అంత ఓపిగ్గా చెప్పిన సూపర్‌హీరో కథ అంతకు ముందు నేను చూడలేదు. చూసేవాళ్లలో సగం మంది మాత్రం అతిథుల జాబితా చేత్తో పట్టుకుని తలుపు వైపే చూస్తూ కూర్చున్నారు.

రుస్సో సోదరుల పద్ధతి ఇంకోటి. ‘ఇన్ఫినిటీ వార్’కు, ‘ఎండ్‌గేమ్’కు వాళ్లు నటులకు కూడా కథ ముక్కలు ముక్కలుగానే ఇచ్చారు. ట్రైలర్లో హల్క్ అడవిలో పరుగెత్తే షాట్ పెట్టారు, సినిమాలో ఆ షాట్ లేనే లేదు. ఐరన్‌మ్యాన్ టోనీ స్టార్క్ అంత్యక్రియల సన్నివేశానికి షూటింగ్ కాగితాల మీద ‘పెళ్లి’ అని పేరు రాసుకున్నారు. ఎండ్‌గేమ్ విడుదలకు పది రోజుల ముందు కొన్ని దృశ్యాలు లీకైతే, కథ చెప్పొద్దని అభిమానులకు బహిరంగంగా ఉత్తరం రాశారు. 2019 ఏప్రిల్ 26న సినిమా వస్తే, మే 6 దాకా గుట్టు కాయమన్నారు. పోలీసు కేసుల సంగతి ఎలా ఉన్నా, ముందు చేసింది అభిమానుల్ని కాపలాదార్లుగా నియమించుకోవడం. దాంతో కథ చెప్పేవాడు అభిమానుల మధ్యే వెలివేతకు గురయ్యాడు. ఇది మనవాళ్లు ఇంకా సరిగ్గా వాడుకోని ఆయుధం. 2013లో ‘అత్తారింటికి దారేది’ సగం సినిమా విడుదలకు ముందే సీడీల్లో వచ్చేస్తే, అభిమానులే వీధుల్లోకొచ్చి చూడొద్దన్నారు. సెప్టెంబర్ 27కు విడుదల ముందుకు జరిపారు, రికార్డులు బద్దలయ్యాయి. ఆ కాపలా కష్టమొచ్చినప్పుడు తనంతట తాను పుట్టింది, మామూలు రోజుల్లో ఎవరూ అడగలేదు.

ఇంతా చెప్పి, మన దగ్గర జరిగిన ఒక ముచ్చట చెప్పకపోతే అన్యాయం. పుకార్ల విషయంలో హాలీవుడ్ మన నుంచి నేర్చుకోవాల్సింది కూడా ఉంది, అది కట్టప్ప. 2015 జూలై 10న వచ్చిన ‘బాహుబలి’, కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ఒక్క ప్రశ్న వదిలి ఆగిపోయింది. 2017 ఏప్రిల్ 28 దాకా దేశమంతా ఆ ప్రశ్నే అడిగింది. డైరెక్టర్ చెప్పాడు కాబట్టి చంపాడన్న జోకు దగ్గర్నుంచి, చచ్చింది అసలు బాహుబలే కాదన్న సిద్ధాంతం దాకా ఎన్ని రకాలు! ఇక్కడ లీకు లేదు. ప్రశ్నను దర్శకుడు రాజమౌళే స్వయంగా చేతికిచ్చాడు. పైగా ఆ ప్రశ్నలో ‘ఎవరు’ లేదు. చంపినవాడెవరో, చచ్చినవాడెవరో తెలుసు. తెలియనిది కారణం. సింహాసనానికి బానిసగా మాటిచ్చినవాడు రాజమాత ఆజ్ఞ మీరలేడన్న జవాబు చాలామంది ముందే ఊహించారు కూడా. ఊహ నిజమైనా వాళ్లెవరూ డబ్బు వృథా అయిందనలేదు. శివగామి ఆ ఆజ్ఞ ఇచ్చేదాకా మనల్ని నడిపించిన దారి ఎవరి ఊహలోనూ లేదు.

రాజమౌళికి ఇది కొత్తేం కాదు. ‘ఈగ’ మొదలెట్టినప్పుడే కథేమిటో చెప్పేశారు: హీరో చచ్చిపోతాడు, ఈగై పుడతాడు, పగ తీర్చుకుంటాడు. ‘ఆర్ఆర్ఆర్’కు 2019 మార్చిలోనే ప్రెస్‌మీట్ పెట్టి, అల్లూరి, కొమరం భీమ్ ఇల్లు విడిచి వెళ్లిన కాలంలో కలుసుకుని ఉంటే ఎలా ఉంటుందన్నదే కథ అన్నారు. సినిమా వచ్చింది మూడేళ్లకు. తారక్ భుజాల మీద చరణ్ ఎక్కుతాడని ఆ ప్రెస్‌మీట్‌లో ఎవరికీ తెలియదు. అంత ధైర్యం ఆయనకు ఎక్కడిదని అడిగితే నాకు తోచేది ఒక్కటే. ఆయన పెరిగింది కథ తెలిసినవాళ్ల కోసం సినిమాలు తీసిన పరిశ్రమలో. 1957లో ‘మాయాబజార్’కు వెళ్లినవాళ్లలో శశిరేఖ ఎవర్ని పెళ్లాడుతుందో తెలియనివాడు ఎవడు? నాటకంగా చూశారు, పాత సినిమాల్లో చూశారు, హరికథల్లో విన్నారు. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఎంత అల్లరి చేస్తాడో చూద్దామని వెళ్లారు.

2011లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు, లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్, పన్నెండు చిన్న కథలు జనానికిచ్చి చదివించారు. కొందరికి ముగింపు ముందే చెప్పారు. ముందే తెలిసినవాళ్లకే కథలు ఎక్కువ నచ్చాయట. తర్వాత వేరేవాళ్లు చేసిన ప్రయోగాల్లో దీనికి వ్యతిరేక ఫలితాలూ వచ్చాయి కాబట్టి దాన్ని వేదంలా తీసుకోనక్కర్లేదు. కానీ మా ఊరి హరిదాసుగారిని అడిగితే ప్రయోగం లేకుండానే చెప్పేవారు.

ఇప్పుడు మనకూ విశ్వాలు మొదలయ్యాయి. 2024 సంక్రాంతికి ‘హనుమాన్’తో ప్రశాంత్ వర్మ ఒకటి తెరిచారు. ఆ జూన్‌లో ‘కల్కి 2898 ఏడీ’తో నాగ్ అశ్విన్ ఇంకొకటి. కల్కి ముందు మనవాళ్లు చేసిన ఊహాగానం అచ్చం మార్వెల్ వాళ్లదే. ఎవరెవరున్నారు? కృష్ణుడు ఎవరు? మహేశ్ బాబేనా? విజయ్ దేవరకొండ, దుల్కర్ ఉన్నారని విడుదలకు ముందే ఇన్‌స్టాగ్రామ్ లైవ్‌లో ప్రభాస్ థ్యాంక్స్ చెప్పి బయటపెట్టేశారు. చాలా ప్రభాస్‌లాంటి పని అది. దానివల్ల సినిమాకు చీమ కుట్టినంత నష్టమైనా జరగలేదు. ఆ అతిథి పాత్రల్లో కొన్ని నిజంగానే చప్పట్లకు తప్ప దేనికీ పనికిరానివి, అవి లీకైనా, కాకపోయినా ఒకటే. కృష్ణుడి ముఖం చూపించకపోవడం మాత్రం నాగ్ అశ్విన్ చేసిన తెలివైన పని. ఎవరన్న ప్రశ్నను ఆయన అసలు అడగనివ్వలేదు.

కానీ చివర్లో ప్రభాస్ చేసిన భైరవుడే కర్ణుడని తెలిసినప్పుడు మొదలైంది అసలు గొడవ. కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా అని ఇంటింటా వాదన. తిక్కన పద్యాలు తిరగేసినవాళ్లు కొందరు, టీవీ సీరియల్ సాక్ష్యం తెచ్చినవాళ్లు కొందరు. మార్వెల్ అభిమాని తన సిద్ధాంతం కోసం అరవై ఏళ్ల కామిక్సు తిరగేస్తాడు. మనవాడికి మహాభారతం ఉంది, అది కొంచెం ఎక్కువ నిల్వ ఉన్న గోదాము. రెండో భాగం కోసం జనం ఎదురుచూస్తున్నది దుల్కర్ మళ్లీ వస్తాడా అని కాదు. అశ్వత్థామా కర్ణుడూ ఇప్పుడు ఎదురుపడితే ఏమవుతుందని. ఇలాంటి ప్రశ్న ఒకటి దొరికాక, అతిథుల సంఖ్య పెంచుకుంటూ పోవడం ఎందుకో నాకు అర్థం కాదు. ఈమధ్య మన పాన్ ఇండియా సినిమాల్లో ప్రతి భాష నుంచి ఒక పెద్ద నటుణ్ణి తెచ్చి ఐదు నిమిషాలు నిలబెట్టడం రివాజైంది. మల్టీవర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్‌ను ఒకసారి ప్రొజెక్టర్ వేసి ఆ నిర్మాతలకు చూపించాలి.

మార్వెల్ వాళ్లు ఇంకా ఆ జబ్బు నుంచి పూర్తిగా కోలుకోలేదు. ‘అవెంజర్స్: డూమ్స్‌డే’కు 2025 మార్చిలో నటుల పేర్లు ప్రకటించిన పద్ధతి చూడండి. పేర్లు రాసిన కుర్చీలను ఒక్కొక్కటిగా చూపిస్తూ ఐదు గంటలకు పైగా లైవ్. 27 కుర్చీలు. లక్షలమంది కుర్చీల వీపులు చూస్తూ కూర్చున్నారు. అయిపోగానే మొదలైన చర్చ, కుర్చీ లేనివాళ్లెవరని. క్రిస్ ఎవాన్స్ కుర్చీ లేదు. తాను హాయిగా రిటైరయ్యానని ఆయన అంతకు ముందే చెప్పాడు. ఆ ఏడాది డిసెంబర్‌లో ‘అవతార్: ఫైర్ అండ్ యాష్’తో పాటు వేసిన టీజర్లో స్టీవ్ రోజర్స్‌గా రానే వచ్చాడు. గార్ఫీల్డ్ ఆట మళ్లీ ఆడారన్నమాట. ఈసారి పెద్దగా ఎవరూ ఆశ్చర్యపోలేదు.

అయితే ఆ సినిమాలోనే అన్నిటికంటే పెద్ద పేరును వాళ్లు మొదటి రోజే చెప్పేశారు. 2024 జూలైలో శాన్ డియాగో కామిక్‌కాన్ వేదిక మీద పచ్చటి అంగరఖా వేసుకుని, ముసుగు తీసి, డాక్టర్ డూమ్‌గా బయటపడ్డాడు రాబర్ట్ డౌనీ జూనియర్. ఐరన్‌మ్యాన్‌గా ప్రాణమిచ్చి జనాన్ని ఏడిపించినవాడే ఇప్పుడు విలన్. ఎవరన్నది తెలిసిపోయింది, ఇక దాయడానికేం మిగల్లేదు. డూమ్‌కు టోనీ స్టార్క్ ముఖం ఎందుకుండాలి? సినిమా విడుదల తేదీగా 2026 డిసెంబర్ 18ని ప్రకటించారు. ఆ ముఖాన్ని ఎదురుగా చూసి మన స్పైడర్‌మ్యాన్ పీటర్ పార్కర్ ఏమవుతాడో ఊహించమంటే అభిమానుల దగ్గర వంద జవాబులున్నాయి, వాటిలో కొన్ని నిజంగా బావున్నాయి.